కార్డు చూపిస్తేనే పవర్ బటన్ పనిచేయాలి: ఎలా అమర్చుకోవాలి?

సముద్రగాలి (ఎం.వి.పి. కాలనీ)

సభ్యులందరికీ నమస్కారం. నేను మా ఇంటి ముందుగదిలో సాయంత్రం పూట పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. రెండు డెస్క్‌టాప్‌లున్నాయి. ఒకటి పిల్లలది, రెండోది ఫీజుల లెక్కలకూ ప్రశ్నపత్రాల తయారీకీ నేను వాడుకునేది. రెండూ ఒకే బల్ల కింద పక్కపక్కనే ఉండటం వల్ల, నేను వంటింట్లోకి వెళ్లి వచ్చేలోపు ఎవరో ఒకరు నా సీపీయూ బటన్ నొక్కుతున్నారు. ఆగి ఉంటే ఆన్ అవుతోంది, నడుస్తూ ఉంటే ఆగిపోతోంది. గత వారం సగం తయారైన ప్రశ్నపత్రం అలాగే పోయింది. పిల్లలను కోప్పడటం నాకు ఇష్టం లేదు. కూర్చుని కాళ్లు కదిపితే తగిలేంత ఎత్తులోనే ఆ బటన్ ఉంది.

మా అపార్టుమెంటు గేటు దగ్గర కార్డు చూపిస్తే తలుపు తెరుచుకుంటుంది. అటువంటి కార్డో, తాళాల గుత్తికి తగిలించుకునే బిళ్లో దగ్గర పెడితే తప్ప నా కంప్యూటర్ బటన్ పనిచేయకుండా చేసుకోవచ్చా? నాకు టంకం వేయడం కొద్దిగా వచ్చు, ఆర్డుయినో అనే ప్రోగ్రాము రాసుకోగల చిన్న బోర్డుతో పిల్లల చేత చిన్న ప్రయోగాలు చేయించాను. మదర్‌బోర్డు మీద చెయ్యి పెట్టాలంటే మాత్రం భయంగా ఉంది.

మీటర్‌పెట్టె (గాజువాక)

అమ్మా, ఆ బటన్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మీ భయం సగం పోతుంది. పూర్వపు ఏ.టి. రకం కంప్యూటర్లలో ముందున్న స్విచ్చులోకి నేరుగా ఇంటి కరెంటే వచ్చేది. 1995లో ఇంటెల్ ఏ.టి.ఎక్స్. ప్రమాణాన్ని తెచ్చిన తరువాత ఆ పద్ధతి మారింది. ఇప్పుడు మీరు నొక్కే బటన్ మదర్‌బోర్డు అంచున ఉన్న రెండు పిన్నులను ఒక్క క్షణం కలుపుతుంది, అంతకు మించి ఏమీ చేయదు. ఆ రెండింటిలో ఒకటి గ్రౌండ్, అంటే సున్నా వోల్టుల పిన్ను. రెండోది ఒక రెసిస్టర్ ద్వారా 3.3 వోల్టులకో 5 వోల్టులకో ఎత్తి పట్టి ఉంటుంది. ఆ వోల్టేజి సున్నాకు పడిపోవడం చూసి మదర్‌బోర్డు, ఎస్.ఎం.పి.ఎస్. (కంప్యూటరుకు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే ఆకుపచ్చ తీగను గ్రౌండుకు లాగుతుంది, అప్పుడు మొత్తం సరఫరా మేల్కొంటుంది. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆగి ఉన్నా సరే, ఊదారంగు తీగలో 5 వోల్టులు నిలిచే ఉంటాయి. మీరు పెట్టబోయే కార్డు రీడరుకు తిండి అక్కడి నుంచే రావాలి.

బటన్‌ను నాలుగు సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే విండోసుతో సంబంధం లేకుండా కంప్యూటర్ ఆగిపోతుందన్న విషయం కూడా గుర్తుంచుకోండి. ఈ పని కోసం ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను ఎప్పుడూ విప్పవద్దు. మన 230 వోల్టులు దాని లోపల డీసీగా మారినప్పుడు సుమారు 325 వోల్టులవుతాయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లో కొంతసేపు ఆ చార్జి నిలిచి ఉంటుంది. డబ్బా బయట ఉన్న 5 వోల్టులు మీ చేతికి ఏ హానీ చేయవు.

ముందుగా కంప్యూటర్ ఆపి, ప్లగ్గు అలాగే ఉంచి, ఆ రెండు పిన్నుల మధ్య మీటరుతో వోల్టేజి చూసి ఇక్కడ రాయండి. ఏ పిన్ను గ్రౌండో కూడా గుర్తు పెట్టుకోండి, తరువాత అవసరమవుతుంది.

టంకంతీగ (డాబాగార్డెన్స్)

నేను రిపేరు పనిలో ఉన్నాను. మీకు కావలసినవి మూడే వస్తువులు: కార్డు రీడర్ మాడ్యూలు, ఆర్డుయినో నానో (ఆర్డుయినోలో చిన్న బోర్డు), పీసీ 817 అనే నాలుగు కాళ్ల ఆప్టోకప్లర్. ఆప్టోకప్లర్ లోపల ఒక చిన్న ఎల్.ఈ.డి., దానికి ఎదురుగా కాంతికి స్పందించే ట్రాన్సిస్టర్ ఉంటాయి. నానో ఆ దీపాన్ని వెలిగించినప్పుడు అవతలి ట్రాన్సిస్టర్ మీ రెండు పిన్నులను కలుపుతుంది. రెండు వైపులా ఒకే ఎస్.ఎం.పి.ఎస్. సరఫరా కాబట్టి విద్యుత్తు దృష్ట్యా ఈ విడదీత తప్పనిసరి కాదు, కానీ తీగ పొరపాటున తప్పు చోట తగిలినా మదర్‌బోర్డు దాకా పోకుండా ఆపేది ఇదే కాబట్టి నేను మానను. దీపం వైపు 390 ఓముల రెసిస్టర్ పెట్టండి, 10 మిల్లీ ఆంపియర్ల లోపే ప్రవహిస్తుంది.

రీడర్ విషయానికి వస్తే, మీ గేటు కార్డు ఏ రకమో ముందు తెలుసుకోండి. చీకట్లో దాని వెనుక టార్చి వేసి చూస్తే లోపలి తీగచుట్ట నీడగా కనిపిస్తుంది. చాలా చుట్లున్న గుండ్రని చుట్ట కనిపిస్తే అది సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ రకం, అంచుల వెంట నాలుగైదు చుట్లే చతురస్రంగా తిరిగి ఉంటే 13.56 మెగాహెర్ట్జ్ రకం. మొదటిదానికి ఆర్.డి.ఎం. 6300, రెండోదానికి ఆర్.సి. 522 మాడ్యూలు సరిపోతాయి. ఆర్.సి. 522కు 3.3 వోల్టులే ఇవ్వాలి, 5 వోల్టులు ఇస్తే చెడిపోతుంది.

సున్నాఒకటి (మధురవాడ)

తీగలు కలిపే ముందు రెండు మాటలు చెబుతాను. నడుస్తున్న కంప్యూటర్ ఆగిపోవడం ఒక్కటే మీ సమస్య అయితే విండోస్ పవర్ ఆప్షన్లలో, బటన్ నొక్కితే ఏమీ చేయవద్దు అని పెట్టుకుంటే చాలు. లినక్సులో కూడా అటువంటి అమరిక ఉంది. అయితే ఆగి ఉన్నప్పుడు ఆన్ కాకుండా అది ఆపలేదు, నాలుగు సెకన్ల బలవంతపు ఆపుదలనూ అడ్డుకోలేదు. కాబట్టి మీరు అడుగుతున్న దానికి హార్డువేర్ పని తప్పదు.

రెండో మాట భద్రత గురించి. 125 కిలోహెర్ట్జ్ కార్డులో రహస్యమేమీ ఉండదు. దగ్గరకు వచ్చిన ఏ రీడరుకైనా అది తన అంకెను చెప్పేస్తుంది, తిరిగి రాయగల ఖాళీ కార్డు మీద ఆ అంకెను నకలు తీయడం నిమిషం పని. 13.56లో విస్తారంగా వాడే మైఫేర్ క్లాసిక్ రకానికి 48 బిట్ల తాళం ఉంది కానీ, ఆ గూఢలిపిని 2008లోనే నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఛేదించి చూపించారు. పైగా మనం ఇంట్లో చేసుకునే ప్రాజెక్టులు ఎక్కువగా కార్డు వరుస సంఖ్యను మాత్రమే పోల్చి చూస్తాయి, ఆ తాళం జోలికే పోవు. అన్నిటికీ మించి, సీపీయూ పక్క రేకు విప్పి, స్క్రూడ్రైవరుతో ఆ రెండు పిన్నులను తాకిస్తే ఏ కార్డూ అక్కరలేకుండా కంప్యూటర్ లేస్తుంది. తల్లిదండ్రుల ఫోను నంబర్లు, ఫీజుల వివరాలు అందులో ఉన్నాయి కాబట్టి వాటికి హార్డ్ డిస్కు ఎన్‌క్రిప్షనే, అంటే డిస్కులోని సమాచారాన్ని ఇతరులు చదవలేని గూఢలిపిలోకి మార్చడమే రక్ష. ఈ కార్డు గడియ వంటిది. పిల్లల చేతులకు అది చాలు, దొంగకు చాలదు.

సముద్రగాలి

ఇంత ఓపికగా వివరించిన అందరికీ కృతజ్ఞతలు. రెండు పిన్నుల మధ్య 3.3 వోల్టులు చూపించింది. బోర్డు మీద కూడిక గుర్తు ఉన్న పిన్ను మీదే వోల్టేజి ఉంది, రెండోది గ్రౌండ్. టార్చి వేసి చూస్తే మా గేటు కార్డులో గుండ్రని చుట్ట స్పష్టంగా కనిపించింది, 13.56 రకాన్ని మాత్రమే చదవగల నా ఫోను వెనుక పెడితే అది దాన్ని గుర్తించలేదు. కనుక 125 కిలోహెర్ట్జ్ రకమేనని అనుకుంటున్నాను. ఆర్.డి.ఎం. 6300, రెండు నీలం బిళ్లలు తెప్పించుకుంటున్నాను. గేటు కార్డునే వాడదామా అని ఆలోచించాను కానీ, అది మా ఇంట్లో నలుగురి దగ్గరా ఉంటుంది, పోతే అసోసియేషన్ వాళ్లకు చెప్పి మార్పించుకోవాలి. విడిగా ఉండటమే మంచిదనిపించింది.

సున్నాఒకటి గారూ, విండోస్ అమరిక ఈ రోజే మార్చాను. డిస్కు ఎన్‌క్రిప్షన్ కూడా మొదలుపెట్టి, దాని రికవరీ కీని (అవసరమైతే డిస్కును తెరిచే అంకెలను) కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను.

డిప్లొమా_మూడోఏడు (కంచరపాలెం)

కార్డు ఎందుకండీ, ఫోనునే తాళంగా వాడుకోవచ్చు కదా? ఆర్డుయినో వంటిదే అయిన ఈ.ఎస్.పి. 32 బోర్డుకు బ్లూటూత్ ఉంది. ఫోను సంకేతం బలంగా ఉంటే మనిషి దగ్గర ఉన్నట్టు, బలహీనపడితే లేనట్టు లెక్క వేసుకోవచ్చు. జేబులోంచి ఏమీ తీయనక్కరలేదు. నేను కళాశాల ప్రాజెక్టుగా ఇది చేయాలనుకుంటున్నాను.

మీటర్‌పెట్టె

బాబూ, ప్రాజెక్టుగా చేస్తే నేర్చుకోవడానికి చాలా ఉంది, తప్పక చెయ్యి. ఈ టీచరు గారి పనికి మాత్రం అది పొసగదు. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మన ఒంట్లోని నీరు బాగా పీల్చుకుంటుంది. ఫోను ముందు జేబులో పెట్టుకుని కంప్యూటరుకు వీపు తిప్పి నిలబడితే చాలు, రెండడుగుల దూరంలో ఉన్నా గది అవతల ఉన్నట్టు చూపిస్తుంది. ఇటుక గోడకు అటువైపు ఛార్జింగులో పెట్టిన ఫోను ఒక్కోసారి దగ్గరే ఉన్నట్టు చూపిస్తుంది. ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు బటన్ పనిచేయకూడదన్నది అసలు కోరిక, ఫోను మాత్రం పక్క గదిలోనే ఉంటుంది.

దగ్గర ఉండటం వేరు, కావాలని దగ్గర పెట్టడం వేరు. ఈ బిళ్ల రెండు మూడు సెంటీమీటర్ల లోపు వస్తే గాని పలకదు. ఆ తక్కువ దూరమే ఇక్కడ మనకు పనికొచ్చే గుణం.

సముద్రగాలి

సామాను వచ్చింది. బల్ల మీద పెట్టి పరీక్షించాను. బిళ్ల దగ్గర పెట్టగానే మాడ్యూలు 14 బైట్ల వరుసను పంపుతోంది. మొదటిది ఆరంభ గుర్తు, తరువాత పది బైట్లలో బిళ్ల సంఖ్య, రెండు బైట్ల సరిచూపు, చివరిది ముగింపు గుర్తు. బిళ్ల అక్కడే ఉన్నంతసేపూ అదే వరుస మళ్లీ మళ్లీ వస్తోంది. నానోలోని ప్రోగ్రాము ఆ సంఖ్యను పోల్చి, సరిపోతే మూడో వంతు సెకను పాటు ఆప్టోకప్లరును వెలిగిస్తుంది. అసలు బటన్ తీగలు పీకేసి, వాటి స్థానంలో ఆప్టోకప్లరును పెట్టాను. కరెంటు కోసం ముందు యూ.ఎస్.బి. తగిలించే 9 పిన్నుల గుంపులోంచి 1వ పిన్నులో 5 వోల్టులు, 7వ పిన్నులో గ్రౌండ్ తీసుకున్నాను. కంప్యూటర్ ఆగినా అక్కడ 5 వోల్టులు ఉంటున్నాయని మీటరుతో చూసుకున్నాను.

బల్ల మీద చక్కగా పనిచేసిన రీడర్, క్యాబినెట్ లోపల ముందువైపు రేకుకు తీగచుట్టను అతికించేసరికి ఒక్కసారి కూడా బిళ్లను చదవలేదు. బిళ్లను ఆనించి రుద్దినా ఫలితం లేదు. తీగ ఏదైనా తెగిందేమోనని బయటకు తీసి చూస్తే మళ్లీ పనిచేస్తోంది.

టంకంతీగ

తీగ తెగలేదు, ఇనుప రేకే కారణం. ఆ చుట్ట ఒక అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించి, దాని ద్వారానే బిళ్లకు శక్తిని అందిస్తుంది, ఎందుకంటే బిళ్లలో బ్యాటరీ ఉండదు. చుట్ట వెనుక లోహపు రేకు ఉంటే ఆ క్షేత్రం రేకులో సుడి ప్రవాహాలను పుట్టించి అక్కడే ఖర్చయిపోతుంది, పైగా చుట్ట శ్రుతి కూడా 125 నుంచి తప్పుతుంది. చాలా క్యాబినెట్లకు రేకు ముందు ప్లాస్టిక్ ముఖం ఉంటుంది, దాన్ని కింది నుంచి పట్టుకుని లాగితే ఊడి వస్తుంది. చుట్టను ఆ ప్లాస్టిక్ లోపలి వైపు, రేకుకు వీలైనంత దూరంగా అతికించండి. మీ క్యాబినెట్లో వాడని సీడీ డ్రైవు గూడు ఉంటే ఇంకా మంచిది. చాలావాటిలో అక్కడ రేకు ఉండదు, ప్లాస్టిక్ మూత మాత్రమే ఉంటుంది.

సముద్రగాలి

సీడీ డ్రైవు గూటి మూత వెనుక అతికించాను, దాదాపు మూడు సెంటీమీటర్ల నుంచి చదువుతోంది. రెండు రోజులు ఎంతో సంతోషంగా వాడుకున్నాను.

నిన్న రాత్రి ఒంటిగంట దాటాక మా వీధిలో కరెంటు పోయింది. ఇరవై నిమిషాల తరువాత తిరిగి వచ్చినప్పుడు ముందుగదిలో ఫ్యాను చప్పుడు వినిపించి లేచి చూస్తే నా కంప్యూటర్ దానంతట అదే ఆన్ అయి ఉంది. బిళ్ల నా దిండు పక్కనే ఉంది. పొద్దున ప్లగ్గు తీసి పెట్టి చూశాను, పెట్టిన ప్రతిసారీ అలాగే లేస్తోంది. ఈ అమరిక పెట్టక ముందు ఎన్నడూ ఇలా జరగలేదు.

సున్నాఒకటి

రెండు అనుమానాలున్నాయి. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాములో, కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలన్న అమరిక ఒకటి ఉంటుంది, అది ఆన్ అని ఉంటే ఇలాగే జరుగుతుంది. అది కాకపోతే నానో వైపు నుంచి ఏదో సంకేతం వెళ్తోంది. వేరు చేయడం తేలిక. నానో నుంచి ఆప్టోకప్లరుకు వెళ్లే ఒక్క తీగను ఊడదీసి, మళ్లీ ప్లగ్గు పెట్టి చూడండి. అప్పటికీ లేస్తే బయోస్, లేవకపోతే నానో. దానితో పాటు నానోలో ఏ పిన్ను వాడారో చెప్పండి.

సముద్రగాలి

తీగ ఊడదీసి పది సార్లు ప్లగ్గు పెట్టాను, ఒక్కసారి కూడా లేవలేదు. తీగ తిరిగి పెట్టగానే మొదటిసారికే లేచింది. నేను 13వ పిన్ను వాడాను. ఆ పిన్నుకు బోర్డు మీదే చిన్న దీపం ఉంది కాబట్టి సంకేతం వెళ్తున్నదీ లేనిదీ కంటికి కనిపిస్తుందని దాన్ని ఎంచుకున్నాను.

మీటర్‌పెట్టె

కారణం దొరికింది, అమ్మా. ఇప్పుడు గది చీకటి చేసి, ప్లగ్గు పెట్టిన క్షణంలో ఆ చిన్న దీపాన్నే చూడండి. మీ ప్రోగ్రాము మొదలు కాకముందే అది ఒకసారి మినుకుమంటుంది. చాలా నానో బోర్డులలో ఉండే పాత బూట్‌లోడర్ (మన ప్రోగ్రాము కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రాము) కరెంటు రాగానే 13వ పిన్ను దీపాన్ని ఒకసారి వెలిగించి ఆర్పుతుంది. మనిషికి అది మినుకు, మీ మదర్‌బోర్డుకు బటన్ నొక్కినట్టు. మీ ప్రోగ్రాములో ఏ తప్పూ లేదు. 4వ పిన్నుకో 5వ పిన్నుకో మార్చండి, ఆ పిన్ను నుంచి గ్రౌండుకు 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి కట్టండి. ఆ మినుకు ఇక ఆప్టోకప్లరు దాకా చేరదు.

అయినా నాకు తృప్తి లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మేము పాటించిన పద్ధతి ఒకటుంది. యంత్రాన్ని కదిలించే ఆజ్ఞ మనిషి చేతి నుంచే రావాలి, ఎలక్ట్రానిక్ పరికరం దానికి అనుమతి మాత్రమే ఇవ్వాలి. మీరు బటన్‌ను తీసేసి ఆ పని మొత్తాన్ని నానోకు అప్పగించారు. పాఠ్యపుస్తకంలో చెప్పే శ్రేణి సంధానంలో, అంటే సీరీస్‌లో, రెండింటినీ కలపండి. వోల్టేజి ఉన్న పిన్ను నుంచి తీగ ఆప్టోకప్లర్ 4వ కాలికి, 3వ కాలి నుంచి బటనుకు, బటన్ నుంచి గ్రౌండ్ పిన్నుకు. బిళ్ల కనిపించినంతసేపూ, కనిపించిన తరువాత మూడు సెకన్లూ నానో దారి తెరిచి ఉంచుతుంది. ఆ వ్యవధిలో మీరు బటన్ నొక్కితేనే కంప్యూటర్ లేస్తుంది. నానో అర్ధరాత్రి ఎంత మినుకుమన్నా బటన్ నొక్కేవారు లేరు కాబట్టి ఏమీ జరగదు. పిల్లలు బటన్ ఎంత నొక్కినా బిళ్ల లేదు కాబట్టి అప్పుడూ ఏమీ జరగదు.

డిప్లొమా_మూడోఏడు

సీరీస్‌లో పెడితే ఆప్టోకప్లర్ ట్రాన్సిస్టర్ మీద కొంత వోల్టేజి మిగిలిపోతుంది కదా, మదర్‌బోర్డు దాన్ని సున్నాగా గుర్తిస్తుందా? కంప్యూటర్ బిగుసుకుపోయినప్పుడు నాలుగు సెకన్లు నొక్కి ఆపాలంటే మూడు సెకన్ల వ్యవధి చాలదు కదా?

టంకంతీగ

మంచి ప్రశ్నలు. ఈ పిన్నుల్లో ప్రవహించేది సాధారణంగా ఒక మిల్లీ ఆంపియరు లోపే కాబట్టి పీసీ 817 మీద మిగిలేది 0.2 వోల్టు లోపు ఉంటుంది, 3.3 ముందు అది సున్నా కిందే లెక్క. బలవంతంగా ఆపవలసి వస్తే ఒక చేత్తో బిళ్లను ఆనించి ఉంచి రెండో చేత్తో బటన్ పట్టుకుంటే సరి, బిళ్ల కదలనంతవరకు వ్యవధి కొనసాగుతూనే ఉంటుంది. బిళ్లలు పోయిన రోజు కోసం, ఆప్టోకప్లర్ 3, 4 కాళ్లను కలిపే రెండు పిన్నుల జంపర్ ఒకటి క్యాబినెట్ లోపల కట్టి ఉంచండి. అది తగిలిస్తే బటన్ మామూలుగా పనిచేస్తుంది.

మీరు ఎం.వి.పి. కాలనీ అన్నారు కాబట్టి ఇంకొకటి. సముద్రం వైపు ఇళ్ల నుంచి మా దగ్గరకు వచ్చే బోర్డుల్లో టంకం చుట్టూ ఆకుపచ్చ బూజులాంటిది పట్టి ఉంటుంది. ఉప్పు తేమకు రాగి తినేయబడటం వల్ల వచ్చేది అది. టంకం వేశాక ఫ్లక్సు జిగటను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో బ్రష్షు పెట్టి కడిగి, పూర్తిగా ఆరాక, కనెక్టర్లకు టేపు అంటించి, మిగతా బోర్డు మీద పారదర్శకమైన అక్రిలిక్ పూత కొట్టండి. గుచ్చుకునే జంపర్ వైర్లు బల్ల మీద ప్రయోగానికే బాగుంటాయి. వాటి కొసలు ఏడాదిలో నల్లబడి పట్టు వదిలేస్తాయి, నేరుగా టంకం వేసెయ్యండి.

సున్నాఒకటి

బయోస్‌లో మరో మూడు చూసుకోండి. కీబోర్డుతో ఆన్ అయ్యే అమరిక, నెట్‌వర్కు ద్వారా మేల్కొనే అమరిక ఉంటే తీసేయండి, లేకపోతే బటనుకు తాళం వేసి పక్క తలుపు తెరిచి ఉంచినట్టవుతుంది. ఈ.ఆర్.పి. అని కనిపించే పొదుపు అమరికను మాత్రం ఆన్ చేయవద్దు. అది ఆగి ఉన్న కంప్యూటర్లో యూ.ఎస్.బి. పిన్నుల కరెంటును ఆపేస్తుంది, అప్పుడు రీడరుకే ప్రాణం ఉండదు.

సముద్రగాలి

ఆదివారం మొత్తం కూర్చుని మార్చాను. చీకట్లో ఆ దీపం మినుకు నా కళ్లతో చూశాను, పెద్దాయన చెప్పినట్టు సరిగ్గా ఒక్కసారే వెలిగింది. ఆప్టోకప్లరును 5వ పిన్నుకు మార్చి, 10 కిలో ఓముల రెసిస్టర్ కట్టి, బటనుతో సీరీస్‌లో పెట్టాను. మొదటిసారి ఎంత నొక్కినా పలకలేదు. మీటరు పెట్టి చూస్తే 3, 4 కాళ్లు తారుమారు చేశానని తెలిసింది, మార్చగానే పనిచేసింది. ఆ తరువాత ఇరవై సార్లు ప్లగ్గు తీసి పెట్టాను, ఒక్కసారి కూడా దానంతట అది లేవలేదు. బయోస్‌లో కీబోర్డు అమరిక నిజంగానే ఆన్‌లో ఉంది, తీసేశాను.

ఈ సాయంత్రం తరగతిలో ఒక పిల్లవాడి మోకాలు రెండుసార్లు బటనుకు తగిలింది, కంప్యూటర్ నడుస్తూనే ఉంది. ఆరో తరగతి అమ్మాయి ఒకరు సీడీ గూటి వెనుక ఏముందని అడిగితే, మూత తీసి చుట్టను చూపించి, బ్యాటరీ లేని బిళ్ల ఎలా మాట్లాడుతుందో చెప్పాను. పూత కొట్టడం ఒక్కటే మిగిలింది, డబ్బా తెప్పించాను. రెండో బిళ్ల బీరువాలో, రికవరీ కీ కాగితం పక్కనే ఉంది.